పచ్చగుర్తు

లైట్ల కింద అరల్లో లెట్యూస్ ఆకుకూర పెంచే గదిలో, ఎరువునీళ్లు కలిపి పోసే మిషన్ కూతురు పెట్టించిన రోజే ఆమెతో మాటలు మానేశాడాయన. "మొక్కకి ఆకలేస్తే నాకు తెలుస్తుంది. ఆ పెట్టెకేం తెలుసు?" అన్నదే ఆఖరి మాట. ఆ గది పక్కనే ఒంటరిగా ఆయన మకాం.

ఆమెకూ పంతమే. అంతా సవ్యంగా ఉందని రోజూ మిషన్ తన ఫోన్‌కి పంపే పచ్చగుర్తు చూసి, "ముసలాయన బాగానే ఉన్నాడు" అనుకునేది.

ఇవాళ ఎర్రగుర్తు వచ్చింది. ఎరువు డబ్బా ఖాళీ. డబ్బా నింపనందుకు నాన్నని నాలుగు దులుపుదామనే వెళ్లి తలుపు తీసింది.

కోయకుండా వదిలేసిన ఆకులు ఏపుగా పెరిగి లైట్లకు తగులుతున్నాయి.

"ఏం నాన్నా, కోతకి కూడా అలకేనా?"

అరల మధ్య ఆయన బోర్లా పడి ఉన్నాడు. ప్రాణం పోయి ఎన్నాళ్లయిందో.

ఆయన చేత్తో కలిపి పోసే రోజుల్లో, ఒక్కపూట ఒంట్లో బాగోక లేవకపోయినా మొక్కలన్నీ తలలు వాల్చేసేవి.

ఈసారి ఒక్క ఆకూ వాడలేదు.