మునీంద్ర లెక్క తప్పదు

"మాకు ఇయ్యేమీ అక్కర్లేదు నర్సమ్మా. ఊరికే నోరు నొప్పి పెట్టుకోవాకు," అన్నాడు మునీంద్ర, కుర్చీలో వెనక్కి వాలుతూ.

నగరి ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ సలహాల గది అది. చిన్న కూతురికి ఐదేళ్ళ టీకా వేయించడానికి భార్య ఉదయలక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చాడు. టీకా అయ్యాక తల్లిదండ్రులను ఈ గదికి పంపడం అక్కడి ఆనవాయితీ. పొద్దున్నుంచీ కరెంటు లేక మగ్గాలు ఆగిపోయాయి కాబట్టి వచ్చాడు గానీ, లేకపోతే ఆసుపత్రి గడప తొక్కే మనిషి కాదు. నాలుగు మరమగ్గాలకు యజమాని. ఆ నాలుగూ కలిసి చేసే చప్పుడు కన్నా ఇతని మాటల చప్పుడే ఎక్కువ.

ఉన్న ఒక్క కుర్చీలో అతనే కూర్చున్నాడు. ఉదయలక్ష్మి పాపను చంకనేసుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

నర్సు పంకజాక్షికి ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఇలాంటి మగమహారాజులను బోలెడుమందిని చూసింది. మూలనున్న స్టూలు లాగి ఉదయలక్ష్మిని కూర్చోబెట్టి, ట్రే ముందుకు జరిపింది.

"అక్కర్లేదంటే కుదర్దప్పా. నేను అన్నీ చెప్పాల, నువ్వు సంతకం పెట్టాల. ఇదో, నిరోధ్. రోగాలు అంటుకోకుండా కూడా కాపాడతాది."

"అది పెండ్లిగాని ఎదవలకు. తర్వాత?"

"మాత్రలు. రోజూ మర్చిపోకుండా ఏసుకోవాల. మొదట్లో కొంచెం వికారం. బీపీ ఉన్నోళ్ళకు మాత్రం ఇయ్యము."

"ఈమెకు పొయ్యి మింద పాలు పెట్టిందే గుర్తుండదు, మాత్ర గుర్తుంటాదా?"

ఉదయలక్ష్మి తల వంచుకుని పాప జడ సర్దింది.

"సూది. మూడు నెలలకొకసారి. నెలసరి అటూ ఇటూ అవుతాది. మానేసినాక గర్భం నిలవడానికి కొన్ని నెలలు పడతాది."

"ఆ కొన్ని నెలలు నన్ను కాచుకోని కూసోమంటావా?"

పంకజాక్షి నిదానంగా బల్ల మీది బొమ్మల పుస్తకంలో పేజీ తిప్పింది. "మగవాళ్ళ ఆపరేషను. కోత లేదు, కుట్లు లేవు. అర్ధగంట పని. మూడు నెలలు వేరే జాగ్రత్తలో ఉంటే చాలు. ఆడవాళ్ళ ఆపరేషను కన్నా అపాయం తక్కువ."

తేలు కుట్టినట్టు లేచాడు మునీంద్ర.

"మొగోణ్ణబ్బా నేను! మగ్గం కాడ నిలబడాల. సత్తువ పోతే నువ్వొచ్చి నేస్తావా?"

"సత్తువకూ దానికీ సంబంధం లేదప్పా."

అతని చొక్కా గుండీలు పొట్ట మీద ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయి. ఆ సత్తువ ఎక్కడ దాచుకున్నాడో పంకజాక్షికి అంతుబట్టలేదు.

"ఇది కాపర్-టీ. గర్భసంచిలో పెడతాము. పదేళ్ళు పనిచేస్తాది. మొదట కొన్ని నెలలు రక్తం ఎక్కువ పోవచ్చు, పొత్తికడుపు నొయ్యొచ్చు. ఎప్పుడైనా జ్వరమొచ్చినా, నెల తప్పినా తక్షణం రావాల. వద్దనుకున్న రోజు తీసేస్తాము."

ఉదయలక్ష్మి మొదటిసారి నోరు విప్పింది. "పదేళ్ళేనా మేడం? ఇంకా ఎక్కువ రోజులుండేది లేదా?"

"ఏమే, నీకెందుకు ఆ కత?" కసిరాడు మునీంద్ర. "కడుపులో రాగిముక్క పెట్టుకోని తిరిగే ఆడదాన్ని నా ఇంట్లో ఒక్కరోజు ఉంచుకోను. మల్ల నాకు మగబిడ్డ ఎవురు కనిస్తారు?"

పంకజాక్షి ఆసుపత్రి కార్డు తిరగేసింది. "రెండు కాన్పుల్లోనూ బీపీ పెరిగి ఉండాది. మూడోది ప్రాణం మీదికి రావచ్చప్పా."

"మాయమ్మ ఏడుగుర్ని కనింది. బీపీ అనే మాటే ఎరగదు."

ఇక చెప్పేదేమీ లేనట్టు అతను జేబులోంచి చిన్న క్యాలెండరు తీసి బల్ల మీద పరిచాడు.

"ఇదీ నా పద్ధతి. చుక్క పెట్టిన రోజు ఆమెకు నెలసరి. ఎర్ర గీత కొట్టిన రోజులు భయం లేదు. తక్కిన రోజులు నేను వాకిట్లో పడుకుంటా. ఈదిలో పదిమందికి నేనే నేర్పినా."

పంకజాక్షి కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. ప్రతి నెలా చుక్క నుంచి లెక్కేస్తే పన్నెండో రోజు మొదలు పదహారో రోజు దాకా ఎర్ర గీత.

"నీ లెక్క తిరగబడిందప్పా. గర్భం నిలిచేదే ఆ రోజుల్లో. భయం లేదని నువ్వు గీత కొట్టినవే అసలైన భయం రోజులు."

మునీంద్ర పగలబడి నవ్వాడు. "తిరగబడుంటే ఐదేళ్ళలో ఒక్కసారన్నా తప్పాల కదా? తప్పిందేమో అడుగు! సదువుకున్నోళ్ళకు ఇదే పొగరు. మగబిడ్డ కావాలనుకున్న రోజు నేనే లెక్క తిప్పుతా. ముహూర్తం నాది."

పంకజాక్షి నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. ఉదయలక్ష్మి ముఖం వైపు చూసి మింగేసింది.

గెలిచినట్టు క్యాలెండరు మడిచి జేబులో పెట్టుకున్నాడు మునీంద్ర. "సంతకం యాడ పెట్టాల?" అని గీకిపారేసి బయటికి నడిచాడు. వరండాలో టీకాల కోసం కాచుకున్న మగవాళ్ళను ఆపి, క్యాలెండరు విప్పి పాఠం మొదలుపెట్టాడు. ఇద్దరు ముగ్గురు శ్రద్ధగా వింటున్నారు కూడా.

ఉదయలక్ష్మి పాపను ఎత్తుకుని, పంకజాక్షికి ఒక్క నమస్కారం పెట్టి అతని వెనకే వెళ్ళింది.

ఐదేళ్ళ కిందట, రెండోదీ ఆడపిల్లేనని విని మునీంద్ర బిడ్డ ముఖమైనా చూడకుండా వెళ్ళిపోయిన ఆ పూట, ప్రసవాల గదిలో ఉదయలక్ష్మి చేతులు పట్టుకుని అడిగితే, ఆమెకు కాపర్-టీ వేసింది పంకజాక్షే.