రెండోసారి తీసిన కార్డు

ఎస్తేరక్కా, ప్రార్థనలో కూడా నోట రాని మాట ఇది. అందుకే రాస్తున్నాను.

మా జెనీ లెక్కల్లో ఎప్పుడూ ఫస్టే. అయినా పదో తరగతి పరీక్షకు లెక్కల్లో తేలికది, కష్టమైనది అని రెండు పేపర్లుంటే, తేలిక లెక్కలే తీసుకుంటానంది.

"నాకొచ్చు గానీ నాకొద్దమ్మా. నిద్దర పట్టట్లేదు."

"ఫస్టొచ్చే పిల్లవి! సెటిల్‌మెంట్ కాలనీ అంతా నవ్వదేటే?"

"అయితే దేవుణ్ణే అడుగు. ఆయన ఏటంటే అదే."

జెనీ బడికెళ్లాక, బైబిలు వాక్యాల కార్డులుండే వాగ్దానాల పెట్టెలోంచి దేవుడి జవాబుగా చూడకుండా కార్డు తీశాను. సాయంత్రం జెనీకి ధైర్యంగా సాగమన్న కార్డు చూపించి, కష్టమైన లెక్కలకే సంతకం పెట్టాను.

పరీక్ష హాల్లో జెనీ స్పృహ తప్పింది. ఇప్పుడు పుస్తకం ముట్టదు, ప్రార్థనకు కూర్చోదు. "దేవుడికి నేనంటే జాలి నేదమ్మా" అంటుంది.

ఆయన జాలిపడ్డాడక్కా. మొదట వచ్చింది విశ్రాంతి తీసుకోమన్న కార్డు. దాన్ని లోపల పెట్టేసి మళ్లీ తీసింది నేను.

నేనే చెప్పే రోజు వరకు ఈ ఉత్తరం దాచు. జెనీకి చూపకు.