గోలు పడితేనే బొమ్మలు

"విసిరేయమందామా అక్కా?" అన్నాడు హర్మన్.

"గోలు పడకుండానా? నోర్ముయ్" అంది ఐరీన్.

మంచు మీద హాకీ ఆట ఆఖరి భాగం నడుస్తోంది. ఎల్మ్‌ఫోర్డ్ కుర్రాళ్ళు ఇంతవరకూ ఒక్క గోలూ వేయలేదు. ఈ పూటే కాదు, ఈ నెలంతా వేయలేదు. హర్మన్ వాళ్ళ కోచ్. ఐరీన్ క్లబ్బు అధ్యక్షురాలు. వెనక బెంచీల మీద ఊరు ఊరంతా ఒళ్ళో బొమ్మలు పెట్టుకుని కూర్చుంది. ఎలుగుబంట్లు, కుందేళ్ళు, ఒక ఏనుగు. క్రిస్మస్ ముందు ఆట అంటే అంతే. సొంత జట్టు మొదటి గోలు వేయగానే అందరూ బొమ్మల్ని మంచు మీదికి విసరాలి. వాటిని ఏరి జిల్లా ఆసుపత్రిలో ఉన్న పిల్లలకు పంపాలి. ఆ పిల్లలు వార్డులో రేడియో ముందు కూర్చుని ఉన్నారు. బయట ఆసుపత్రి వ్యాను ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ఆపితే ఆ చలికి మళ్ళీ కదలదు.

"ముందే విసిరితే ఏమవుతుంది?"

"ఆట ఓడినట్టే. లీగు పద్నాలుగో సర్క్యులర్. చదవలేదా?"

"పదమూడు దాకా చదివాను. అయినా ఓడిపోతూనే ఉన్నాం కదక్కా."

"గోలు కోసం కూర్చున్నారు ఆ పిల్లలు. గోలు వినిపించాలి."

ఆ లీగుకు సర్క్యులర్లకు కొదవ లేదు. పెద్ద లీగు తమ కుర్రాళ్ళను చేర్చుకోలేదని పంతం పట్టి, ఆరూళ్ళ పెద్దలు వేసవిలో ఒక హోటల్లో కూర్చుని దాన్ని పుట్టించారు. ముందు తమకు కోట్లు కుట్టించుకున్నారు. తర్వాత క్రమశిక్షణ సంఘం వేశారు. ఆ సంఘం సరిగ్గా నడుస్తోందో లేదో చూడడానికి ఇంకో సంఘం వేశారు. ఆడాల్సిన కుర్రాళ్ళు ఆఖరికి గుర్తొచ్చారు. మంచు గడ్డకట్టేలోపే రెండూళ్ళు తప్పుకున్నాయి. వచ్చే ఏడాది పన్నెండు జట్లు ఉంటాయని లీగు అధ్యక్షుడు ప్రకటించాడు.

ఐరీన్ ఫోను మోగింది. వార్డు నర్సు.

"లేదమ్మా, ఇంకా పడలేదు. పడుతుంది. పిల్లల్ని పడుకోబెట్టకు."

మంచు మీద ఈల వినబడింది. రిఫరీ ఓరెస్ట్ ఎదుటి జట్టు పైన్‌రిడ్జ్ ఆటగాణ్ణి ఒకణ్ణి బయట కూర్చోమన్నాడు. ఓరెస్ట్ నిక్కచ్చి మనిషి. సొంత తమ్ముణ్ణే ఆట మధ్యలో ఇంటికి పంపినవాడు. పోయిన నెల ఇదే మంచు రింకులో, ఆడే రబ్బరు బిళ్ళ ఎల్మ్‌ఫోర్డ్ కుర్రాడు డెల్విన్ పాదానికి తగిలి వలలో పడిందని గోలు చెల్లదన్నాడు. ఈ సాయంత్రం మాత్రం ఆలస్యంగా వచ్చాడు. వచ్చి కూడా ట్రక్కులో చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

"మావాడేం చేశాడయ్యా?" అని అరిచాడు పైన్‌రిడ్జ్ కోచ్ గిల్బర్ట్.

"అడ్డం వచ్చాడు."

"వాడు నిలబడి ఉన్నాడు!"

"అడ్డంగా నిలబడ్డాడు."

కాసేపటికి ఇంకొకణ్ణి పంపాడు. ఆ కుర్రాడు దగ్గాడంతే. ఇప్పుడు అటు ముగ్గురు, ఇటు అయిదుగురు. అయినా ఎల్మ్‌ఫోర్డ్‌కు గోలు పడలేదు. బిళ్ళ ఒకసారి వల కమ్మీకి తగిలింది. ఇంకోసారి సొంతవాడి వీపుకే తగిలింది.

"ఒరేయ్ డెల్విన్, నా కుందేలు ఒళ్ళోనే ముసలిదైపోతోందిరా!" అని వెనక నుంచి ఒక ముసలాయన అరిచాడు.

గంట మోగింది. ఆట అయిపోయింది. ఆరు, సున్నా. ఐరీన్ మోగుతున్న ఫోను పట్టుకుని అలాగే నిలబడింది.

ఓరెస్ట్ చెయ్యెత్తాడు.

"గడియారం తప్పు. ఒక నిమిషం వెనక్కి తిప్పండి."

గిల్బర్ట్ చెక్క గోడ మీదికి ఎక్కేశాడు. "ఏ రూలు ప్రకారం?"

"నేను చెప్పాను."

"లీగుకు రాస్తాను! ఈ లీగులో నువ్వు మళ్ళీ ఈల పట్టుకోలేవు!"

"నిజమే. పట్టుకోలేను" అన్నాడు ఓరెస్ట్.

బిళ్ళ వల ముందు పడింది. అందరూ దాని మీద పడ్డారు. కర్రలు, మోచేతులు, తిట్లు. ఆ గుంపు కింద నుంచి డెల్విన్ లేచి, కర్ర ఎక్కడుందో కూడా చూడకుండా, కాలితో ఒక్క తన్ను తన్నాడు. బిళ్ళ వలలో పడింది. పడగానే తలదించుకుని వెనక్కి తిరిగాడు. కాలితో తన్నితే చెల్లదని వాడికీ తెలుసు.

ఓరెస్ట్ వల వైపు వేలు చూపించాడు. గోలు.

ఒక క్షణం ఎవరూ నమ్మలేదు. తర్వాత బొమ్మలు కురిశాయి. ఏనుగు నేరుగా వెళ్ళి గిల్బర్ట్ మొహానికి తగిలింది. రెండు జట్ల కుర్రాళ్ళూ కలిసే ఏరారు. పైన్‌రిడ్జ్ గోల్‌కీపరు తన పెద్ద చేతొడుగుల నిండా కుందేళ్ళను మోసుకెళ్ళి వ్యానులో పడేశాడు. ఐరీన్ ఫోను చెవిన పెట్టుకుంది. అవతల నర్సు మాట వినబడలేదు. పిల్లల కేకలే వినబడ్డాయి.

"ఏడుస్తున్నావా అక్కా?"

"చలికి కళ్ళు కారుతున్నాయి. పోయి ఓరెస్ట్‌కు కాఫీ ఇయ్యి."

రిఫరీ గదిలో ఓరెస్ట్ స్కేట్లు విప్పుకుంటున్నాడు. హర్మన్ కాఫీ పక్కన పెట్టాడు.

"వాడు తన్నడం అంత దూరం నుంచి నాకే కనబడింది. నీకు కనబడలేదా?"

"కనబడింది."

తలుపు తోసుకుని గిల్బర్ట్ వచ్చాడు. మీసంలో ఇంకా దూది ఉంది.

"ఈ ఒక్క గోలునీ కొట్టేయించకపోతే చూడు!"

"ఆరు గోల్స్‌తో గెలిచావు కదయ్యా" అన్నాడు హర్మన్.

"ఒక్కటి కూడా ఇవ్వకుండా గెలవాలి! మా గోల్‌కీపరు పేరు లీగు రికార్డుల్లోకి ఎక్కేది! ఓరెస్ట్, అధ్యక్షుడి నంబరు ఇయ్యి. ఇప్పుడే ఫోను చేస్తాను. నీ సంగతి క్రమశిక్షణ సంఘం చూసుకుంటుంది."

"చెయ్యి. ఫోను ఎవరూ తియ్యరు."

"ఎందుకు తియ్యరు?"

ఓరెస్ట్ కాఫీ ఒక గుక్క తాగాడు.

"మధ్యాహ్నమే లీగు ఎత్తేశారు."