రెండు గీతల బోర్డరు

మా ఆయన గోడల మీద బొమ్మలు వేస్తారు. భీమవరంలో ఆ బొమ్మల చుట్టూ ఉండే బోర్డరు చూడ్డానికే జనం మోటారు సైకిళ్ళు ఆపుతారు.

ఆ బోర్డర్లన్నీ నేను వాకిట్లో వేసే ముగ్గులే. ఆయన పళ్ళు తోముకుంటూ చూసి, వెళ్ళి గోడ మీద దింపేస్తారు. ఎవరు నేర్పారని అడిగితే మాత్రం, "అలా వచ్చేసిందండి" అంటారు. మా ఆవిడవని ఒక్కసారైనా అంటారేమోనని నాలుగేళ్ళుగా చూస్తున్నాను. అడగడానికి నాకు నోరు రాదు.

ఇవాళ కళ్ళాపి చల్లేసరికే ఓపిక అయిపోయింది. రెండు గీతలు గీసి లోపలికి వచ్చేశాను. ఆయన గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు.

"ఇవాళ ఇంతేనా?"

"ఇంతేనండి."

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. గోడ నిండా ఆయన నిన్న వేసిన చేపలున్నాయి. వాటి చుట్టూ ఇవాళ వేసిన బోర్డరు రెండే రెండు గీతలు. ఓనరు గారు కేకలేస్తున్నారు. నేను ఆటో వెనకాల ఆగిపోయాను.

"ఏమయ్యా పెద్దిరాజూ, బోర్డరు కోసమేగా నిన్ను పిలిచింది! పువ్వుల్లేవు, లతల్లేవు. స్కేలు పెట్టి నేనూ గీస్తాను ఇది!"

"అవి నావి కాదండి, మా ఆవిడవి. ఆవిడకి ఇవాళ నడుం నొప్పండి."

"అయితే, అది తగ్గేదాకా నా గోడ ఇలాగే ఉండాలా?"

"ఉండాలండి."

నడుం నొప్పని నేను ఎవరికీ చెప్పలేదు.