కత్తిరించిన మూల

"ఆవిడ చేతులు చూడు, ఈగలు తోలుకుంటున్నట్టు!" అన్నాడు తమ్ముడు, కంప్యూటర్ తెర చూపిస్తూ.

అన్నది అక్కతోనే. అక్కకి వినపడదు. ఐదో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది.

పాత టీవీ పాడైతే కొత్తది కొనకుండా, వేలెడంత యూఎస్‌బీ ట్యూనర్ తెచ్చాడు తమ్ముడు. దాన్ని కంప్యూటర్‌కి గుచ్చి, జానెడు యాంటెన్నాని కిటికీ ఊచకి అంటించాడు. పది నిమిషాల్లో ముప్పై చానళ్ళు దొరికాయి. ఏదో తానే కనిపెట్టినట్టు వాళ్ళనీ వీళ్ళనీ పిలిచి మరీ చూపించాడు.

సాయంత్రం ఐదింటి వార్తల్లో తెర మూలన చిన్న గడి ఉంటుంది. అందులో ఒకావిడ సైగలతో వార్తలు చెబుతుంది. ఆ వేళకి అక్క కుట్టుమిషను ఆపి, స్టూలు లాక్కుని కూర్చునేది.

తమ్ముడికి మాత్రం ఆ గడి కంట్లో నలుసు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. అదనంగా ఏది కనిపించినా కొట్టేయడం ఆయనకి చేతి అలవాటు.

బొమ్మని పెద్దది చేశాడు. గడి తెర అంచు దాటి పోయింది. ప్రోగ్రాం ఆ కొలతనే గుర్తు పెట్టుకుంది.

"ఇప్పుడు చూడు, ఎంత శుభ్రంగా ఉందో!"

మర్నాడు అక్క తెర మూలన వేలితో చిన్న చదరం గీసింది.

తమ్ముడు గుడ్డ తెచ్చి ఆ మూల దుమ్ము తుడిచాడు.

అక్క మళ్ళీ గీసింది.

యాంటెన్నాని పక్క ఊచకి మార్చాడు.

అక్క కాగితం మీద రాసిచ్చింది. చూస్తానన్నట్టు తలూపి జేబులో పెట్టుకుని మరిచిపోయాడు. రోజంతా ఊరందరి రాతలూ చదివే మనిషికి అక్క రాసిన చీటీ చదవడానికి ఓపిక లేకపోయింది. ఇక సైగలంటారా, ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నా ఆయనకి వచ్చినవి మూడే. అన్నం, నీళ్ళు, నిద్ర.

ఒక ఆదివారం గుమ్మంలో నిలబడి ఎదురింటాయనతో కబుర్లు చెబుతున్నాడు. ఎదురింటాయనకి అక్క సంగతి తెలియదు. "మా అక్క మితభాషి" అని చెప్పి ఉంచాడు తమ్ముడు. తెలిస్తే నలుగురూ చూసే జాలి చూపులు ఆయన పడలేడు.

అంతలో ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. చేతిలో గొడుగు, భుజాన సంచి, మొహం నిండా చెమట.

"ఐదింటి వార్తలు ఈ ఇంట్లో ఎవరైనా చూస్తారాండీ?"

"సర్వేనా?"

"అలాంటిదే అనుకోండి. మూల గడిలో సైగలు సరిగ్గా కనిపిస్తున్నాయా?"

తమ్ముడు ఎదురింటాయనకి కన్నుగీటాడు.

"కనిపించకుండా చేశానండీ. బొమ్మ పెద్దది చేసి ఆవిణ్ణి బయటికి గెంటేశాను."

ఎదురింటాయన పగలబడి నవ్వాడు. ఆవిడ కూడా కాస్త నవ్వింది.

"మరి, ఇంట్లో వినపడనివాళ్ళెవరైనా ఉన్నారా?"

ఎదురింటాయన చెవులు రిక్కించాడు.

వెనక గదిలో అక్క గుమ్మానికి వీపు పెట్టి ఇస్త్రీ చేస్తోంది. ఆ చొక్కా తమ్ముడిదే.

"అబ్బే, ఎవరూ లేరండీ" అన్నాడు.

ఆవిడ సంచిలోంచి ఒక కవరు తీసి, తలుపు మీది నంబరుతో సరిచూసుకుంది.

"అయితే నేనే పొరపాటు పడ్డాను. ఏమీ అనుకోకండి."

మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"పనీపాటా లేని మనుషులు" అన్నాడు తమ్ముడు.

పదిహేను రోజుల తర్వాత కంప్యూటర్ మొరాయించింది. అన్నీ చెరిపి మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది. ట్యూనర్ ప్రోగ్రాం కొత్తగా వేసేసరికి బొమ్మ అంచులతో సహా పూర్తిగా వచ్చింది.

అది చూసి అక్క పరుగున వచ్చి స్టూలు మీద కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

ఐదైంది. వార్తలు మొదలయ్యాయి. మూలన గడి లేదు.

అక్క వార్తలు అయిపోయేదాకా ఆ మూలకేసే చూస్తూ కూర్చుంది.

ఆ వారంలోనే టీవీ కేంద్రం నుంచి అక్క పేరున ఉత్తరం వచ్చింది. అక్క ఒకసారి చదివింది. రెండోసారి చదివింది. తర్వాత తీసుకెళ్ళి తమ్ముడి ముందు పెట్టి, అక్కడే నిలబడింది.

"సైగల ఆవిడ పది రోజులుగా కనిపించడం లేదు, ఒంట్లో బాగాలేదా అంటూ మీరు రాసిన ఉత్తరం అందింది. ఆ గడి గురించి ఇన్నేళ్ళలో మాకు వచ్చిన ఉత్తరం ఇదొక్కటే. చూసేవారు లేరని దాన్ని ఆపేయాలని అప్పటికే అనుకున్నాం. ఒక్కరున్నా కొనసాగిద్దామని, కనుక్కోవడానికి మనిషిని మీ ఇంటికి పంపాం. వినపడనివారు ఆ ఇంట్లో ఎవరూ లేరని గుమ్మంలోనే చెప్పారట. అయినా, రాసినవారికి జవాబివ్వడం మర్యాద కనుక ఇది రాస్తున్నాం."

తమ్ముడు అక్కడే చదవడం ఆపేశాడు. తలెత్తాడు. అక్క సూటిగా ఆయన కళ్ళలోకే చూస్తోంది.

సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తప్పయిపోయిందని చెప్పడానికి చేతులు పైకి లేచాయి. లేచి, ఏం చెయ్యాలో తెలియక గాల్లోనే ఆగిపోయాయి.

"అక్కా!" అన్నాడు నోటితోనే.

ఆ చూపు తట్టుకోలేక మళ్ళీ ఉత్తరంలోకే తల దించాడు. ఇంకా రెండు వాక్యాలు మిగిలి ఉన్నాయి.

"ఆవిడ ఈ నెలతో ఉద్యోగం వదిలి వెళ్ళిపోయారు. ఒంట్లో ఎలా ఉందని అడిగినవారు ఇన్నేళ్ళలో మీరొక్కరే కనుక, బాగానే ఉన్నానని తానే స్వయంగా చెప్పి వస్తానంటూ ఆ రోజు మీ గుమ్మం దాకా వచ్చింది ఆవిడే."