రేకుల షెడ్డులో చప్పుడు

నేత్రకు బొమ్మలు వేసుకోవడానికి ఒక గది కావలసి వచ్చింది. అత్త హనుమక్క కాలు విరిగి చింతామణి ఆసుపత్రిలో ఉన్న వారంలోనే పెరట్లో రేకుల షెడ్డు వేయించి, గదిలో ఉన్న ఆమె పట్టుపురుగుల తట్టలన్నీ అందులోకి మార్చేసింది. రెండు రోజుల ఎండకే రేకులు కాలి పురుగులన్నీ చచ్చిపోయాయి. అత్త ఇంటికి వచ్చాక, పురుగులకు రోగం తగిలిందని నేత్ర ఆమెతో చెప్పింది.

"పోనీలేమ్మా, నువ్వేం చేస్తావు," అంది అత్త.

ఆ రాత్రి రంగులు కలుపుతుంటే పెరట్లో తుంపర పడుతున్న చప్పుడు వినిపించింది. నేత్ర కిటికీలోంచి చెయ్యి చాచింది. చెయ్యి తడవలేదు. ఆకాశం నిండా చుక్కలున్నాయి. చప్పుడు షెడ్డులోంచి వస్తోంది. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే అచ్చం అలాగే ఉంటుంది. ఆ తట్టలన్నీ ఖాళీ చేసి, కడిగి, గోడకు ఆనించింది తనే.

"నేత్రా," మంచం మీద నుంచి అత్త పిలిచింది. ఆ గొంతులో ఎన్నాళ్లకో సంతోషం. "కొన్ని బతికే ఉండాయా? నాకు చెప్పనే లేదు చూడు."

నిజం నేత్ర నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో చప్పుడు ఆగిపోయింది.

"ఆకు అయిపోయినట్టుండాది," అంది అత్త. "ఆకలి మీద ఉండాయి పాపం. పోయి ఏసిరామ్మా."