గొంతెమ్మ కోరికలు

“ఈ తలుపు నాకొద్దు,” అంది అత్తగారు.

వీధి వీధంతా చేతిలో పని ఆపేసింది. పైకప్పు రేకులు అందిస్తున్నవాళ్లు రేకులతోనే నిలబడిపోయారు. తలుపు మోసుకొచ్చిన బేకరీ ఆయన దాన్ని కిందికి దించాలో భుజం మీదే ఉంచుకోవాలో తెలియక కోడలి వంక చూశాడు. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది కోడలికి.

“కొత్తదే పెద్దమ్మా. నిన్ననే కొన్నాను,” అన్నాడాయన.

“కొత్తదైతే మటుకు? ఒట్టి అట్ట. గట్టిగా తుమ్మితే ఊడి కూర్చుంటుంది. మీ ఇంటి వీధి తలుపు టేకుది కదూ? అది పట్రా.”

పొద్దుట్నుంచీ ఇదే వరస. దర్జీ ఆవిడ ఇచ్చిన మంచం కిర్రుమంటోందని తిప్పి పంపింది. పంతులుగారు తెచ్చిన దుప్పట్లు ముక్కిపోయిన వాసనన్నది. ఇప్పుడేమో పక్కింటాయన కొంపకున్న తలుపే పీకి తెమ్మంటోంది. కార్చిచ్చులో ఇల్లూ, ఇంటి ముందున్న కలప అడితీ బూడిదై, కట్టుబట్టలతో మిగిలినవాళ్లకి ఊరు ఊరంతా కూడి గూడు కట్టిపెడుతుంటే, ఈవిడవి గొంతెమ్మ కోరికలు.

కోడలు అత్తగారి చెవి దగ్గర చేరింది. “అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. మబ్బు చూడండి ఎలా కమ్ముకొస్తోందో. మనం తలదాచుకున్న బడి రేపట్నుంచి తెరుస్తారు, ఇక మనకక్కడ చోటుండదు. ఇవాళ పైకప్పు పడకపోతే పసివాడితో వానలో కూర్చోవాలి. వీళ్లకి కోపమొచ్చి సుత్తులు పడేసి పోతే మన గతేంటి?”

“పోరులే,” అంది అత్తగారు. “ఏయ్, ఆ రేకు వంకరగా పడుతోంది. కళ్లు ఇంట్లో పెట్టొచ్చారా?”

రేకు సర్దారు. పైగా నిచ్చెన మీదున్న ఫైరింజను డ్రైవరు పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. బేకరీ ఆయనైతే, “నాకు ముందే తట్టాల్సింది పెద్దమ్మా,” అంటూ ఇంటికి పరుగే తీశాడు. మరో నిమిషానికి ఆయన తలుపు బందులు విప్పుతున్న చప్పుడూ, ఆయన భార్య “మెల్లిగా, గీతలు పడతాయి” అని అరుస్తున్న కేకా వినిపించాయి. పిల్లకాయలంతా ఈలలేస్తూ అటు పరిగెత్తారు. ఎవరింట్లోనో పెళ్లన్నంత సందడి.

వీళ్లకేం పట్టింది, అనుకుంది కోడలు. జాలికైనా ఒక హద్దుండదా?

ఆ రోజు కొండ మీద మంట కనబడగానే ఆమె పసివాణ్ణి చంకనేసుకుని మొదటి బస్సులో బడికి చేరింది. భర్త లారీ వేసుకుని కలప లోడుకి పోయున్నాడు. “నీ కుట్టు మిషను తీసుకుని వెనకే వస్తా, నువ్వు నడు,” అంది అత్తగారు. వచ్చింది, కానీ చీకటి పడ్డాక, ఫైరింజను ఎక్కి, ముఖమంతా మసితో, ఒళ్లో మిషనుతో.

“ఇల్లు?” అని అడిగితే, “పోయింది. అడితీ పోయింది. మళ్లీ నా దగ్గర ఆ మాటెత్తకు,” అంది. అంటుకున్న ఇంట్లోంచి అంత బరువు ఎలా తెచ్చారని అడిగే ధైర్యం కోడలికి లేకపోయింది.

తక్కినదంతా బడిలో చేరిన ఊళ్లోవాళ్ల మాటల్లో విన్నది. గాలి ఇంకా కొండకేసి కొడుతున్న మధ్యాహ్నమే వీధి చివరున్న తమ ఇల్లూ, అడితీ తగలబడిపోయాయి. సాయంత్రం గాలి ఇటు తిరిగి కార్చిచ్చు దిగొచ్చేసరికి ఆ చివర కాలడానికి పుల్ల ముక్క లేదు. అక్కడితో ఆగిపోయింది. మిగతా వీధిలో పెంకు కూడా చెదరలేదు. ఏ పాడు రవ్వ ఊరంతా వదిలేసి మా కొంప మీదే పడిందోనని ఆమె ఎన్ని రాత్రులు ఏడ్చిందో.

టేకు తలుపు వచ్చింది, నలుగురి భుజాల మీద. అత్తగారు దాని మీద అరచెయ్యి వేసి అటూ ఇటూ రాసింది.

“ఇది మీ మామయ్య ఏరి పక్కన పెట్టిన దుంగే. అప్పట్లో ఈ బేకరీ ఆయన బతిమాలితే ఇచ్చారు. మన అడితిలోది ఇదొక్కటే మిగిలిందే,” అంది. వెంటనే కొంగుతో ముక్కు తుడుచుకుని, “అలా చూస్తారేం? తలకిందులుగా పెట్టారు, తిప్పండి,” అని కసిరింది.

కోడలికి కళ్లు చెమర్చాయి. అయినా సిగ్గు పోలేదు. నిచ్చెన దిగొచ్చిన డ్రైవరు దగ్గరికెళ్లి మెల్లిగా అంది.

“అన్నా, మీరంతా ఏమీ అనుకోకండి. ఆవిడ నోరు అంతే, మనసు మంచిదే. జన్మంతా ఊడిగం చేసినా మీ రుణం తీరదు.”

“మీరు మాకు రుణమేంటమ్మా?” అన్నాడు డ్రైవరు, తెల్లబోయి.

“మరి కాదా? రవ్వ పడటం మా ఖర్మ. దానికి మీరు ఇంత చెయ్యాలా?”

“రవ్వా?” డ్రైవరు నెత్తి మీది టోపీ తీశాడు. “గాలి కొండకేసి కొడుతుంటే రవ్వ ఇటెలా వస్తుందమ్మా? మంట రాకముందే ఈ చివర కాల్చేస్తే తప్ప వీధి దక్కదని మా ఆఫీసరు తల పట్టుకుని కూర్చున్నాడు. ఎవరి కొంపనని కాలుస్తాం, ఎవరిని అడుగుతాం?”

అతను గుమ్మం వైపు చూశాడు. అక్కడ అత్తగారు బందు సరిగ్గా పడలేదని బేకరీ ఆయన్ని దులిపేస్తోంది. ఆయన చేతులు కట్టుకుని వింటున్నాడు.

“ఆవిడ మీకు చెప్పలేదా?”

కోడలు తల అడ్డంగా ఊపింది.

“అగ్గిపుల్ల గీసింది మీ అత్తగారేనమ్మా.”